వెయ్యి బస్తాల పిక్కలు, ఒక సెక్షన్

పలాస–కాశీబుగ్గ జీడి వ్యాపారుల మధ్య మళ్లీ జీఎస్టీ నోటీసుల మాటే నడుస్తోంది. ఎప్పటివో కొనుగోళ్లకు ఇప్పుడు ‘ఎగవేత’ అని పేరు పెట్టి అడుగుతున్నారన్నది వాళ్ల బాధ. ఈ గొడవ అర్థం కావాలంటే ఒక్క తేదీ చూడాలి: 2024 ఏప్రిల్ 30.

2023–24 దాకా ఉన్న లెక్కలకు జీఎస్టీ చట్టంలో రెండు దారులున్నాయి. పొరపాటున పన్ను తగ్గితే 73వ సెక్షన్. మోసం చేసో, కావాలని దాచిపెట్టో ఎగ్గొడితే 74. మొదటి దారిలో 2018–19 లెక్కలపై ఆర్డరు ఇవ్వడానికి గడువు 2024 ఏప్రిల్ 30తో ముగిసింది. రెండోదానికి 2025 డిసెంబరు 31 దాకా ఉండేది. అంటే ఆ రెండు తేదీల మధ్య ఆ ఏడాది లెక్క కదపాలంటే వ్యాపారిని మోసగాడు అనాల్సిందే. ఈ టెన్షన్‌కు మూలం ఇదే.

ఆ 2018–19 పలాస చుట్టుపక్కల ఉద్దానానికి మామూలు ఏడాది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలాయి, ఊళ్లకు ఊళ్లు చీకట్లో మగ్గాయి. ఆ ఏడాది పుస్తకాల్లో తేడా కనబడితే, దొంగలెక్క అనే ముందు ఆ తుఫాను గుర్తుకు రావాలి.

జీడిలో ఇంకో మెలిక ఉంది. రైతు దగ్గర పొట్టు తీయని జీడిపిక్కలు కొంటే 5 శాతం పన్ను కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే కట్టాలి. దీన్ని రివర్స్ చార్జ్ అంటారు. నగదుగానే కట్టాలి, చేతిలో ఉన్న క్రెడిట్‌తో, అంటే కొనుగోళ్లపై ఇదివరకే కట్టిన పన్నుతో, సర్దడం కుదరదు. కట్టాక అదే మొత్తాన్ని క్రెడిట్‌గా తీసుకుని పప్పు అమ్మినప్పుడు కట్టే పన్నులో తగ్గించుకోవచ్చు. చివరికి ఖజానాకు దాదాపు తేడా రాదు. తేడా రాని పన్ను ఎగ్గొట్టి వ్యాపారి మిగుల్చుకునేదేమిటి?

80 కిలోల బస్తా 10 వేల రూపాయలు అనుకుందాం. వెయ్యి బస్తాలకు కోటి, పన్ను 5 లక్షలు. పొరపాటు అయితే జరిమానా 50 వేలు. మోసం అయితే పూర్తిగా 5 లక్షలు. ఏటా 18 శాతం వడ్డీ ఎలాగూ ఉంది, ఆరేళ్లకు అదే 5 లక్షల 40 వేలు. పైగా 74 కింద కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. చిన్న ఫ్యాక్టరీ నడుము విరిగేది అక్కడే.

ఇదివరకు ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో కాగితం తప్పుంటే లారీ ఆ రాత్రే ఆగేది. 2017 జులైలో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. లారీల వాళ్లకు మంచే జరిగింది. కానీ తప్పు బయటపడే రోజు మాత్రం ఏళ్లకేళ్లు వెనక్కి జరిగింది.

పన్నుల శాఖ మాటలోనూ నిజముంది. సరుకు కదలకుండా బిల్లులే తిప్పేవాళ్లున్నారు. అలాంటి కేసుల్లో పన్ను మొత్తం 5 కోట్లు దాటితే ఐదేళ్ల దాకా జైలు, బెయిల్ కష్టం. అయినా అరెస్టుకు ముందే బెయిల్ అడగవచ్చని 2025 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చెప్పింది. పిక్కల పన్ను మర్చిపోయిన వ్యాపారిని ఆ గాటన కట్టడం న్యాయం కాదు. కట్టలేదన్న ఒక్క కారణంతో 74 వాడొద్దని, మోసానికి ఆధారం ఉండాలని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డే 2023 డిసెంబరు 13న అధికారులకు రాసింది.

నోటీసులు జీఎస్టీ పోర్టల్‌లో పడిపోతాయి. ‘అడిషనల్ నోటీసెస్’ దగ్గర చూడక గడువు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. తప్పు నిజమే అనుకుంటే 74 నోటీసు వచ్చిన 30 రోజుల్లో పన్ను, వడ్డీ, ఆ పన్నులో 25 శాతం జరిమానా కట్టి బయటపడొచ్చు. కాదనుకుంటే కొనుగోలు రశీదులు, బ్యాంకు చెల్లింపులు పెట్టి జవాబివ్వాలి, హియరింగ్ అడగాలి. వ్యతిరేకంగా ఆర్డరు వేసే ముందు అధికారి హియరింగ్ ఇచ్చి తీరాలి. ఆర్డరు వస్తే అప్పీలుకు మూడు నెలలు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి.

అప్పీలులో మోసం రుజువు కాలేదని తేలితే లెక్క 73 కిందికి దిగాలి. 74 నోటీసు వచ్చేనాటికే 73 కింద నోటీసు ఇచ్చే గడువు దాటి ఉంటే ఆ కేసు మొత్తం వదిలేయాలని 2022 డిసెంబరు 27 నాటి సర్క్యులర్‌లో బోర్డు రాసింది. నోటీసు చేతికందిన వ్యాపారి ముందు చూసుకోవాల్సింది దాని మీది తేదీ.