గోడ టీవీ వెనక వైర్లు: అపోహలు, అసలు సంగతులు

టీవీని గోడకెక్కించడం పెద్ద పనేం కాదు. నాలుగు కన్నాలు, నాలుగు బోల్టులు, లెవెల్ చూసుకుంటే అయిపోయింది. తలనొప్పంతా దాని కింద వేలాడే వైర్లతోనే. పైగా ఒడిశాలో మా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ వైర్లు కాస్త ఎక్కువ. పిల్లలకీ వార్తలకీ ఒడియా చానళ్లు కావాలి గనక లోకల్ కేబుల్ ఉంటుంది, అందులో కావలసిన తెలుగు చానళ్లు రావని మామ్మగారి సీరియళ్ల కోసం డాబా మీద డిష్ ఉంటుంది, ఈమధ్య వాటికి తోడు ఫైబర్ నెట్టు, స్ట్రీమింగ్ స్టిక్కు, సౌండ్‌బార్. ఒక టీవీకి రెండు సెట్‌టాప్ బాక్సులు, ఒక రూటరు, వాటన్నిటి అడాప్టర్లు. ఇంత సరంజామా పెట్టుకుని, ఒక్క వైరూ కనబడని టీవీ ఫొటో ఫోన్లో చూపించి "బాబూ, మాకూ ఇలాగే కావాలి" అంటారు. చెయ్యొచ్చు. ముందు కొన్ని నమ్మకాలు వదులుకోవాలి.

అపోహ: గోడకి గాడి కొట్టి, వైర్లు అందులో పెట్టి సిమెంటు పూసేస్తే సరి.

వాస్తవం: గోడలో పాతాల్సింది పైపు, వైర్లు దాని లోపల నడవాలి. టీవీతో వచ్చే పవర్ కార్డు పూతలో పాతడానికి చేసింది కాదు. పాతేశాక అది చెడితే మార్చే దారి ఉండదు, క్యాలెండర్ కోసం మేకు కొట్టేవాడికి అక్కడ కరెంటు ఉందని తెలిసే దారీ ఉండదు. బాక్సు నుంచి టీవీకి బొమ్మా శబ్దమూ తెచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే ప్రాణం మీదికి రాదు గానీ, నాలుగేళ్లకి కొత్త టీవీ కొని కొత్త రకం కేబుల్ కావాలంటే మళ్లీ గోడ పగలగొట్టాల్సిందే.

పైపు అంటే ఏ పైపూ? లైట్ల వైరింగుకి వాడే 20 మిల్లీమీటర్ల పైపే అలవాటుగా ఇక్కడా వేసేస్తారు. హెచ్‌డీఎంఐ కొసన ఉండే ఇనప ముక్క వెడల్పే 14 మిల్లీమీటర్లు, దాని వెనక ప్లాస్టిక్ తలకాయ ఇంచుమించు 20. పైపు బయటి కొలత 20 అయితే లోపల ఇంకా తక్కువ, మరి ఎలా దూరుతుంది? నేను గోడ ఒప్పుకుంటే రెండంగుళాల పీవీసీ పైపే వేస్తాను, టీవీ వెనక నుంచి కింద యూనిట్ వెనక దాకా నిలువుగా. చివర్లలో 90 డిగ్రీల ఎల్బో వేస్తే కేబుల్ తల అక్కడే ఇరుక్కుంటుంది, 45 డిగ్రీలవి రెండు కలిపితే జారిపోతుంది. లోపల ఒక నైలాన్ తాడు వదిలేయండి, కొత్త వైరు లాగినప్పుడల్లా దాంతో పాటే ఇంకో తాడు కూడా లాగి ఉంచండి.

గోడ ఒప్పుకుంటే అన్నాను కదా, ఆ సంగతి. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదన్నది మామూలు లెక్క. తొమ్మిదంగుళాల గోడకి నిలువుగా మూడంగుళాలు కొట్టొచ్చు, రెండంగుళాల పైపు హాయిగా పడుతుంది. నాలుగున్నర అంగుళాల గోడకి అంగుళంన్నరే, అందులో 32 మిల్లీమీటర్ల పైపుకి మించి పట్టదు, అడ్డంగా అయితే ముప్పావు అంగుళమే కాబట్టి అసలు కొట్టకండి. బరంపురం పాత వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయి, పక్కింటికీ మనకీ ఒకటే గోడ. మనం ఇటు కొట్టి, వాళ్లు సరిగ్గా అదే చోట అటు కొడితే మధ్యలో ఇటుక ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి. కట్టర్ మిషను ఎత్తే ముందు పక్కింటి వాళ్ల టీవీ ఎక్కడుందో ఒక్క మాట అడిగితే పోయేదేం లేదు. పైపు పెట్టాక, పూత పడకముందు, కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోండి. తాపీ మేస్త్రి వెళ్లిపోయాక ఆ ఫొటోయే దిక్కు.

అపోహ: పెద్ద పైపే కదా, కరెంటు వైరు కూడా అందులోనే పోనీ.

వాస్తవం: వద్దు. దీనికి అందరూ చెప్పే కారణం "బొమ్మలో గీతలొస్తాయి" అని. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్, పైన కవచం ఉంటుంది, టీవీ తీసుకునే కరెంటూ తక్కువే. 43 అంగుళాల ఎల్‌ఈడీ సుమారు వంద వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర అర ఆంపియర్ కూడా కాదు. గీతల గొడవ పక్కన పెట్టండి. భయం వేరే ఉంది. కరెంటు వైరు తొడుగుని ఎలకో పైపు అంచో కోసేసిందనుకోండి, పక్కనే ఆనుకుని ఉన్న డిష్ కేబుల్ లోపలి లోహపు జాలీకి కరెంటు ఎక్కొచ్చు, అక్కణ్నుంచి డాబా మీద డిష్‌కి. తడి బట్టలు ఆరేసేవాళ్లు ఆ డిష్ కడ్డీని పట్టుకోకుండా ఉంటారా? కరెంటుకి వేరే పైపు వేయండి. రెండు పైపులూ ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే ఒక్కచోట అడ్డంగా దాటించండి.

అపోహ: సాకెట్టు టీవీ వెనక ఎక్కడున్నా ఒకటే, కనబడకపోతే చాలు.

వాస్తవం: మామూలు ఫిక్స్‌డ్ బ్రాకెట్‌కి టీవీకీ గోడకీ మధ్య దొరికే సందు అంగుళం, అంగుళంన్నర. అందులో బోర్డు ఉబ్బు, దాని మీద త్రీపిన్ ప్లగ్గు, ఆ వెనక వంగలేని లావు వైరు. టీవీ ఒక పక్క ముందుకి తోసుకొచ్చి నిలబడుతుంది, ఇంట్లోవాళ్లు బ్రాకెట్ బాగాలేదని తిడతారు. టీవీని మంచం మీద దుప్పటి పరిచి బోర్లా పెట్టి, పోర్టులు ఏ వైపు ఉన్నాయో, బ్రాకెట్ పలక ఎక్కడికొస్తుందో కొలిచాకే సాకెట్టు బాక్సుకి చోటు గీయండి. ఆ బాక్సు గోడ లోపలికి దిగి ఉండాలి. ఎల్ ఆకారపు హెచ్‌డీఎంఐ కొనేటప్పుడు జాగ్రత్త, అవి రెండు రకాలు, ఒకటి కిందికి తిరిగితే ఇంకోటి పైకి తిరుగుతుంది. స్విచ్చు మాత్రం టీవీ వెనక పెట్టకండి, పొగ వచ్చిన రోజు అందక చస్తాం. వైర్లు బిర్రుగా లాగకుండా ఒక అడుగు వదులు ఉంచితే రేపు టీవీ దించడం సులువు. కట్టడానికి వెల్క్రో పట్టీ మేలు. నైలాన్ టై వేసి ప్లయర్‌తో బిగిస్తే డిష్ కేబుల్ నొక్కుకుపోతుంది, ఫైబర్ వైరైతే లోపల గాజు వంగి రూటరు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది.

అపోహ: బంగారు పూత ఉన్న ఖరీదైన హెచ్‌డీఎంఐ అయితే బొమ్మ బాగుంటుంది.

వాస్తవం: బొమ్మ వస్తే పూర్తిగా వస్తుంది, లేదంటే చుక్కలు చుక్కలుగా మెరిసి నల్లబడుతుంది. మధ్యలో "కొంచెం బాగుండటం" లేదు. చూడాల్సింది పొడవు. 4కే బొమ్మకి మామూలు రాగి కేబుల్ అయిదు మీటర్లు దాటితే నమ్మకం తక్కువ. అంతకంటే దూరమైతే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయండి, కాకపోతే దానికి దిశ ఉంటుంది, ఒక కొస బాక్సుకి, ఒక కొస టీవీకి అని రాసి ఉంటుంది. పైపులోకి లాగేశాక తిరగేసి లాగామని తెలిస్తే ఆ రోజు భోజనం ఆలస్యమే. సౌండ్‌బార్ ఉంటే, టీవీ శబ్దాన్ని బయటికి పంపే, ఏఆర్‌సీ అని రాసిన పోర్టుకే పెట్టండి.

అపోహ: బాక్సులన్నీ టీవీ వెనకే అతికించేస్తే పీడ పోయింది.

వాస్తవం: రిమోట్ పనిచెయ్యక మళ్లీ ఫోన్ చేస్తారు. సెట్‌టాప్ బాక్సుకి రిమోట్ వెలుగు తగలాలి, వెనక దాస్తే ఐఆర్ కన్ను ఉన్న తీగ ఒకటి బయటికి తెచ్చి అంటించాలి. రూటరుని టీవీ వెనక పెడితే టీవీ లోపలి రేకు వైఫైని అడ్డుకుంటుంది, పక్క గదిలో సిగ్నల్ చావగొడుతుంది. స్టిక్కుకి టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే చాలా టీవీల్లో వచ్చేది అర ఆంపియరే, అందుకే అది మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది. దాని అడాప్టర్ దానికి పెట్టండి.

అపోహ: స్పైక్ గార్డు ఉంది, పిడుగు పడినా పర్లేదు.

వాస్తవం: కాలబైశాఖి, అంటే ఎండాకాలపు ఉరుముల గాలివాన, రోజుల్లో ఎక్కువమంది బాధపడేది ఈ నమ్మకంతోనే. స్పైక్ గార్డు అని అమ్మేవాటిలో చాలావరకు స్విచ్చూ ఫ్యూజూ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులే. నిజమైనదైనా దెబ్బలు తినగా తినగా లోపలి ముక్క అరిగిపోతుంది. ఎర్తు లేని ఇంట్లో అది ఎర్తుకి మళ్లించాల్సిన దెబ్బకి దారే ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, పిడుగు దెబ్బ కరెంటు వైరులోంచే రావాలని లేదు, డిష్ కేబుల్లోంచి, లోకల్ కేబుల్లోంచి కూడా వస్తుంది. ఆకాశం నల్లబడితే ప్లగ్గు తీయండి, రెండు కేబుళ్లూ బాక్సుల నుంచి విప్పండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం వాటి జోలికి వెళ్లొద్దు. అందుకే ఆ కొసలు చేతికందేలా వదలమంటాను.

డిష్ కేబుల్ గురించి ఇంకో మాట. 2013లో పైలిన్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక చాలామంది డిష్ కొత్తది పెట్టించుకుని పాత కేబుల్‌కే అతుకేసి టేపు చుట్టారు. ఆ కేబుల్లో బాక్సు నుంచి డిష్‌కి 13 లేదా 18 వోల్టులు వెళ్తాయి, అతుకులోకి నీళ్లు దిగితే రాగి పచ్చబడి "నో సిగ్నల్". గోడ కన్నం బయటికి వాలుగా కొట్టి, కేబుల్‌ని కన్నం కంటే కిందికి ఒక వంపు తిప్పి లోపలికి తెస్తే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. లేకపోతే వైరు పట్టుకుని నేరుగా టీవీ వెనక్కి వస్తుంది.

అపోహ: మిగిలిన వైరు చుట్ట చుడితే కరెంటు బిల్లు పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. టీవీ తీసుకునే కరెంటుకి చుట్ట వేడెక్కదు కూడా. అదే చుట్టలోంచి హీటరో ఇస్త్రీ పెట్టో వాడితే అప్పుడు వేడెక్కుతుంది.

అపోహ: గోడ మీద వైర్లని మూసే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ పేదగా ఉంటుంది.

వాస్తవం: అద్దె ఇంటికీ, పెంకుటింటి మట్టి గోడకీ అదే మంచిది. టీవీ మధ్య నుంచి నిటారుగా ఒకే పట్టీ దించి గోడ రంగే వేస్తే కన్ను పట్టదు. సున్నం గోడకి డబుల్ టేపు నమ్ముకోకండి, వానాకాలం చెమ్మకి సున్నంతో సహా ఊడొస్తుంది, స్క్రూ వేయించండి.

అపోహ: పైపులో ఉన్నాయి కదా, ఎలకలు కొరకవు.

వాస్తవం: తెరిచిన పైపు వాటికి సొరంగం. రెండు మూతులూ స్టీల్ పీచుతో కుక్కండి, అంట్లు తోమే ఆ పీచే, కరెంటు పైపులో మాత్రం కాదు. ఎలకల మందు పైపులో వెయ్యొద్దు. తిన్నది లోపలే చచ్చిందంటే నెలరోజులు ఆ గదిలో టీవీ చూడలేరు.