డాలరు నోటు మీది మాట బడి గోడ మీదికి వచ్చిన దారి

టెక్సస్ బడుల గోడల మీద ఏం ఉండాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞల పోస్టరు ఉండాలని, అది కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండాలని 2025లో ఎస్‌బీ 10 (సెనేట్ బిల్లు 10) అనే రాష్ట్ర చట్టం చేశారు. యూదు, క్రైస్తవ, హిందూ కుటుంబాలు, ఏ మతమూ లేనివారు కలిసి కోర్టుకెక్కారు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ బడుల్లో తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు కాబట్టి ఇది మన ఇళ్లలోనూ మాట్లాడుకుంటున్న విషయమే.

దీనికి బాట వేసింది 2021 నాటి ఎస్‌బీ 797. 'ఇన్ గాడ్ వి ట్రస్ట్', అంటే 'దేవుడి మీదే మా నమ్మకం' అన్న జాతీయ నినాదం పోస్టరును ఎవరైనా విరాళంగా ఇస్తే, బడి దాన్ని అందరికీ కనిపించేచోట పెట్టాలి. నినాదం కింద అమెరికా జెండా, దాంతోపాటు టెక్సస్ జెండా ఉండాలి. వేరే మాటా, వేరే బొమ్మా ఉండకూడదు. 2022లో సౌత్‌లేక్‌లో ఒక తండ్రి ఇదే నినాదాన్ని అరబిక్‌లో రాయించి తెస్తే స్కూలు బోర్డు తీసుకోలేదు. భవనానికి ఒక పోస్టరు ఇప్పటికే వచ్చింది, అది చాలు అంది.

నినాదమే తప్ప మతం కాదన్నది చట్టాన్ని సమర్థించేవారి వాదన. ఆ వాదనకు బలం డాలరు నుంచి వచ్చింది. అంతర్యుద్ధ కాలంలో, 1864లో, రెండు సెంట్ల నాణెం మీదికి ఈ మాట ఎక్కిన సంగతి తెలిసిందే. ఇవాళ్టి తగాదాకు అసలు మలుపు మాత్రం 1955–57 మధ్య ఉంది.

అప్పటిదాకా నాణేల మీదే తప్ప నోట్ల మీద ఈ మాట లేదు. ఆర్కన్సాకు చెందిన నాణేల సేకర్త మాథ్యూ రోథర్ట్ 1953లో షికాగో చర్చిలో కానుకల పళ్లెం తిరుగుతుండగా ఆ తేడా గమనించాడు. దేశదేశాలకు వెళ్లేవి నోట్లే కదా అని ట్రెజరీ కార్యదర్శికి ఉత్తరం రాశాడు. ఫ్లోరిడా ప్రతినిధి చార్లెస్ బెన్నెట్ బిల్లు పెట్టాడు. భౌతికవాద కమ్యూనిజం స్వేచ్ఛను కూల్చడానికి చూస్తున్న రోజుల్లో మన స్వేచ్ఛకు పునాదులు గట్టి చేసుకోవాలన్నది ఆయన చెప్పిన కారణం. అమెరికా జెండా ముందు చేసే ప్రతిజ్ఞలో 'దేవుని నీడలో' అన్న మాట చేరి అప్పటికి ఏడాదే అయింది. 1955 జులై 11న బెన్నెట్ బిల్లు మీద అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది జులై 30న అదే మాట జాతీయ నినాదమైంది. ఎస్‌బీ 797 ఆధారపడింది దీనిమీదే.

చట్టం వచ్చినంత మాత్రాన నోటు మారలేదు. కొత్త అచ్చులు తయారైనప్పుడే నినాదం చేర్చాలని చట్టంలోనే ఉంది. ముద్రణాలయంలో అప్పుడే తడి కాగితం మీద షీటుకు 18 నోట్లు కొట్టే పాత యంత్రాల నుంచి, పొడి కాగితం మీద 32 నోట్లు కొట్టే రోటరీ యంత్రాలకు మారుతున్నారు. అందుకే ముందు ఒక్క డాలరు సిల్వర్ సర్టిఫికెట్ (వెండి పూచీతో ఇచ్చిన నోటు) 1957 సిరీస్‌కే నినాదం ఎక్కి, 1957 అక్టోబరు 1న చలామణిలోకి వచ్చింది. పాత యంత్రాల మీద నడిచిన 1935జి సిరీస్‌లో నినాదం ఉన్న నోట్లూ, లేనివీ రెండూ దొరుకుతాయి. మిగతా విలువల నోట్లన్నీ మారేసరికి 1960ల మధ్య దాటింది.

అభ్యంతరం చెప్పినవాళ్లంతా నాస్తికులనుకోవడం పొరపాటు. 1907లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ శిల్పి సెయింట్ గాడెన్స్ రూపొందించిన కొత్త 10, 20 డాలర్ల బంగారు నాణేల మీద ఈ మాట వద్దన్నాడు. ఆయన భక్తుడే. పవిత్రమైన మాటను డబ్బు మీద వాడితే అది చులకనైపోతుందని, అది దైవదూషణకు దగ్గరని ఆయన బాధ. కాంగ్రెస్ వినలేదు, 1908లో తిరిగి పెట్టించింది.

నిజంగా మతం లేని మాటే అయితే అది కనిపించకపోయినా ఎవరికీ పట్టకూడదు. 2007లో అధ్యక్షుల డాలరు నాణెం వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. నినాదాన్ని, సంవత్సరాన్ని నాణెం అంచు మీద వేయాలని నిర్ణయించారు. ముఖాలు కొట్టాక నాణేలను తొట్లలో పోసి, అంచు అక్షరాలు ఒత్తే వేరే యంత్రానికి పంపాలి. కొన్ని తొట్లు ఆ యంత్రం దాకా వెళ్లకుండానే బయటికి పోయాయి. నున్నటి అంచులతో వాషింగ్టన్ నాణేలు చేతికొచ్చేసరికి ప్రభుత్వం దేవుణ్ణి తీసేసిందన్న ప్రచారం ఊపందుకుంది. ఆ ఏడాది డిసెంబరులోనే కాంగ్రెస్ చట్టం మార్చింది. 2009 నుంచి నినాదం నాణెం ముఖం మీదికి వచ్చింది. సంవత్సరం అంచు మీదే ఉండిపోయింది.

కోర్టుల్లో మాత్రం ఇంకో కథ నడిచింది. 1970లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ నినాదం దేశభక్తికి, లాంఛనానికి సంబంధించిందే తప్ప మతస్థాపనతో దానికి ఏ సంబంధమూ లేదంది. 1984లో సుప్రీంకోర్టు జస్టిస్ బ్రెన్నన్ తన అసమ్మతి తీర్పులో, వాడివాడి అరిగిపోవడం వల్ల ఇలాంటి మాటల్లో మతార్థం మిగల్లేదన్నాడు. బెన్నెట్ చెప్పిన కారణాన్ని, ఈ తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే రెండూ ఒకే నోటు గురించి చెప్పినట్టుండవు. 2018 నాటికి ఎనిమిదో సర్క్యూట్ దారి మార్చి, ఇది దేశ చరిత్రలో భాగమైన ఆచారం, ఇందులో బలవంతం లేదు అంది. 2022లో ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థన కేసులో సుప్రీంకోర్టు కూడా చరిత్రనే కొలబద్దగా తీసుకుంది. బడి గోడలకు పోస్టర్లు కోరే చట్టసభలకు ధైర్యం ఇక్కడే వచ్చింది.

అయితే డాలరు కేసుల్లోని తర్కం తరగతి గదికి అంత తేలిగ్గా అతకదు. 1977లో కారు నంబరు ప్లేటు మీద రాష్ట్ర నినాదం కేసులో సుప్రీంకోర్టు ఒక అధోజ్ఞాపికలో నోటుకూ ప్లేటుకూ తేడా చెప్పింది. నోటు చేతులు మారుతుంది, జేబులోనో పర్సులోనో ఉంటుంది, దాని మీది మాటను మోసేవాడు నలుగురికీ చాటనక్కర్లేదు అని. నగదు వద్దనుకున్నవారికి కార్డుంది, చెక్కుంది. తరగతి గదిలో కూర్చున్న పిల్లవాడికి హాజరు తప్పనిసరి, ఎదురుగా ఉన్న గోడ రోజంతా అదే. కెంటకీ బడుల్లోని పది ఆజ్ఞల చట్టాన్ని 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టుకెక్కిన టెక్సస్ కుటుంబాలు ముందు చూపించిందీ ఆ తీర్పునే.