వేరే జిమ్‌కు ఒకసారి తీసుకెళ్లి చూడాలా? జిమ్నాస్టిక్స్ పిల్లల తల్లిదండ్రులలో అపోహలు, నేను చూసిన వాస్తవాలు

విజయనగరంలో పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పడం నా పని. సాయంత్రం నాలుగున్నరకు మ్యాట్లు పరచడంతో మొదలై, ఏడున్నరకు చేతులకు అంటిన మెగ్నీషియం పొడి కడుక్కోవడంతో ముగుస్తుంది. ఆ కడుక్కునే సమయంలోనే ఎవరో ఒక తల్లి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడుగుతుంది: "మేడమ్, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. పాపను విశాఖపట్నంలో ఇంకో జిమ్‌కు ఒకసారి తీసుకెళ్లి చూడమంటారా?"

ఆ గొంతు తగ్గించడం నాకు బాధ కలిగిస్తుంది. బిడ్డ మేలు కోరి అడిగే ప్రశ్నకు అంత జంకు ఎందుకు? నా దగ్గర నుంచి వెళ్లాలనుకునేవారికీ, వేరేచోటి నుంచి నా దగ్గరకు రావాలనుకునేవారికీ నేను చెప్పేది ఒకటే. అదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక కోచ్ దగ్గర నేర్చుకుంటూ ఇంకోచోట చూడడం గురుద్రోహం

వాస్తవం: మన ఊరికి గురుభక్తి ఎక్కువ. 1919లో మొదలైన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు గార్ల పేర్లు వింటూ పెరిగినవాళ్లం. అయితే ఘంటసాల ఎక్కడివారు? గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, సంగీతం కోసం ఇంత దూరం విజయనగరానికి వచ్చారు. గురువును వెతుక్కుంటూ ఊరు దాటి వచ్చినవారిని అంతగా గౌరవించుకునే మనం, మన పిల్లలు గడప దాటితే ద్రోహం అనడం న్యాయం కాదు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ కూడా చిన్నతనం నుంచి 2016 రియో ఒలింపిక్స్ దాకా కోచ్ ఎయిమీ బోర్మన్ దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత లాండీ దంపతుల దగ్గర శిక్షణ పొందింది.

చూడడానికి వెళ్లండి. కానీ చెప్పి వెళ్లండి. ఇది నా గౌరవం కోసం అడగడం లేదు. కొన్నేళ్ల క్రితం తొమ్మిదేళ్ల పాప ఒకతి సోమవారం వచ్చి, హ్యాండ్‌స్టాండ్‌లో (చేతుల మీద తలకిందులుగా నిలబడడంలో) కుడిచేతి మీద బరువు వేయకుండా ఎడమకు ఒరుగుతోంది. బద్ధకిస్తోందనుకుని నిలువుగా ఉండమని గట్టిగా చెప్పాను. ముందురోజు ఆదివారం మరో ఊరి జిమ్‌లో మూడు గంటలు వాల్ట్ (పరుగెత్తి వచ్చి చేతులు మోపి దూకే బల్ల) మీద చేతులు మోపించారనీ, అప్పటి నుంచే మణికట్టు నొప్పిగా ఉందనీ పది రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. "మేడమ్‌కు చెప్పవద్దు" అని ఇంట్లో అన్నారట. పాప మాట నిలబెట్టుకుంది. ఆ పది రోజులూ నేను ఆ మణికట్టు మీద బరువు వేయించాను. ఎదిగే పిల్లల్లో ఎముక చివర ఇంకా గట్టిపడని మెత్తటి భాగం ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. జిమ్నాస్టిక్స్‌లో చేతులు కాళ్ల పని చేస్తాయి కాబట్టి మణికట్టు దగ్గర ఆ భాగం త్వరగా దెబ్బతింటుంది. ఆ పాపకు ఆరు వారాల విశ్రాంతి కావలసి వచ్చింది.

మీరు చెప్పినప్పుడు ఏ కోచ్ అయినా ముఖం మాడ్చుకుంటే, బిడ్డ మీద కోపం చూపిస్తే, మీరు తెలుసుకోవలసినది అక్కడే తెలిసిపోయింది.

అపోహ: పరికరాలు ఎక్కువ ఉన్న జిమ్మే మంచి జిమ్

వాస్తవం: జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కు అగర్తలాలో కోచ్ బిశ్వేశ్వర్ నంది సాధన మొదలుపెట్టించినప్పుడు అక్కడున్న వసతులు అంతంత మాత్రమే. మ్యాట్లు ఒకదానిపై ఒకటి పేర్చి వాల్ట్ నేర్పారు. ఆ అమ్మాయే 2016లో రియోలో వాల్ట్ ఫైనల్లో నాలుగో స్థానంలో నిలిచింది. మన తెలుగమ్మాయి బుద్దా అరుణారెడ్డి కరాటే నుంచి జిమ్నాస్టిక్స్‌కు వచ్చి, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది.

అలాగని పరికరాలు అక్కరలేదనడం లేదు. గాలిలో తిరిగే విన్యాసాలకు వచ్చేసరికి మందపాటి ల్యాండింగ్ మ్యాట్లు, స్పాంజి ముక్కలు నింపిన గుంట ఉన్నచోట బిడ్డ భయం లేకుండా నేర్చుకుంటుంది. మా దగ్గర ఆ గుంట లేదు. ఆ స్థాయికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు నేనే చెబుతాను, ఇక ఇంకో జిమ్ చూడండి అని.

ట్రయల్‌కు, అంటే చేరే ముందు ఒకసారి చూసే క్లాసుకు, వెళ్లినప్పుడు ఎన్ని పరికరాలున్నాయో లెక్కపెట్టకండి. చెప్పులు విప్పి మ్యాట్ మీద నిలబడండి. మడమతో గట్టిగా నొక్కితే కింద నేల తగులుతోందా? రెండు మ్యాట్ల మధ్య సందు ఉందా? పిల్లల కాలివేళ్లు మెలిపడేది ఆ సందులోనే. శిక్షణ మధ్యలో కోచ్ ఆ సందును కాలితో మూస్తున్నారా లేదా గమనించండి. ఆ ఒక్క అలవాటు చూసి నేను కోచ్‌ను నమ్ముతాను. బీమ్ (మీద నడుస్తూ విన్యాసాలు చేసే సన్నని దూలం) విషయమూ అంతే. పోటీల్లో వాడే బీమ్ 5 మీటర్ల పొడవు, 125 సెంటీమీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కొత్త పిల్లను మొదటి రోజే దాని మీదకు ఎక్కించారంటే ఫొటో కోసమే. నేల మీద గీసిన గీత, తర్వాత జానెడు ఎత్తు బీమ్, ఆ తర్వాతే అది.

అపోహ: మొదటి రోజే పెద్ద విన్యాసం చేయించిన కోచ్ గొప్పవారు

వాస్తవం: "ఇక్కడ రెండేళ్లయినా బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి ఒరిగి చేతుల మీదుగా పల్టీ) రాలేదు, అక్కడ ఒక్క గంటలో చేయించేశారు" అని నాతో అన్నవారు ఉన్నారు. కోచ్ నడుము కింద చెయ్యి వేసి ఎత్తి తిప్పితే బియ్యం బస్తా కూడా పల్టీ కొడుతుంది. పాప తిరిగిందా, పాపను తిప్పారా అన్నది చూడాలి.

మంచి ట్రయల్ క్లాసులో మీకు చప్పగా అనిపించే పనులే ఎక్కువ ఉంటాయి. భుజాలు, మణికట్లు, చీలమండలు వేడెక్కించడం. పిల్లిమొగ్గ. గోడ ఆసరాగా హ్యాండ్‌స్టాండ్. అన్నిటికన్నా ముఖ్యంగా, పడడం. వెనక్కి పడేటప్పుడు పిల్లలందరూ చేతులు వెనక్కి చాపుతారు, మోచేతులు విరిగేది అలాగే. చేతులు గుండెకు హత్తుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, గుండ్రంగా దొర్లాలి. కొత్తగా వచ్చిన పాపకు ముందుగా పడడం నేర్పే కోచ్ కనిపిస్తే, నా దగ్గరి పిల్లనైనా సంతోషంగా అప్పగిస్తాను.

భయం దగ్గర కోచ్ ఏం చేస్తారో చూడకుండా ఇంటికి రాకండి. పాప బీమ్ చివర నిలబడి, చేతులు పైకెత్తి, ఆగిపోతుంది. మోకాళ్లు సన్నగా వణుకుతాయి. అప్పుడు కోచ్ ఏమంటారు? "నీకన్నా చిన్నవాళ్లు చేస్తున్నారు" అంటే అది పాపకు జీవితాంతం గుర్తుండే మాట. "దిగమ్మా, కింద గీత మీద రెండుసార్లు చేసి వద్దాం" అంటే, ఆ కోచ్‌కు పని తెలుసు. టోక్యో ఒలింపిక్స్‌లో బైల్స్ అంతటి క్రీడాకారిణి గాలిలో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియక చాలా పోటీల నుంచి తప్పుకుంది. తిరిగి వచ్చి 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. భయం చెప్పేది వినే కోచ్ కావాలి.

అపోహ: ఏడవకుండా ఒళ్లు వంగదు

వాస్తవం: స్ప్లిట్ వేసిన (కాళ్లు రెండూ నేలకు ఆనేలా చాపి కూర్చున్న) బిడ్డ తొడల మీద కూర్చోవడం, భుజాలు పట్టి కిందకు తొక్కడం నేను కళ్లారా చూశాను. "కొంచెం ఓర్చుకుంటే రబ్బరులా అవుతుంది" అన్నారు పక్కనున్న పెద్దలు. అలా తొక్కితే కండరం తెగుతుంది, తుంటి దగ్గర కండరం అతుక్కున్న చోట ఎముక ముక్కే ఊడివచ్చిన సందర్భాలున్నాయి. లాగినట్టు ఉండడం వేరు, పొడిచినట్టు నొప్పి రావడం వేరు. ఆ తేడా పిల్లలకు నేర్పాలి, వాళ్లు "చాలు" అన్నప్పుడు ఆగాలి. కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీదకు ఏనుగును ఎక్కించుకున్నారని చెప్పుకునే నేల మనది. ఆయన బలం ఏళ్ల తరబడి రోజూ చేసిన వ్యాయామం వల్ల వచ్చింది. ఒక్కరోజు ఎవరో మీద ఎక్కి తొక్కితే వచ్చింది కాదు. ట్రయల్‌లో ఇది కనిపిస్తే క్లాసు అయ్యేదాకా ఆగకండి, బిడ్డను తీసుకుని వచ్చేయండి.

అపోహ: తల్లిదండ్రులు లోపల కూర్చోకూడదు, ఏకాగ్రత పోతుంది

వాస్తవం: మధ్యలో అరిచి సలహాలు ఇవ్వకూడదు, నిజమే. చూడనే కూడదు అంటే మాత్రం ఒప్పుకోకండి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడిగా పనిచేసిన లారీ నాసర్ చికిత్స పేరుతో ఏళ్ల తరబడి బాలికలను లైంగికంగా హింసించాడు. 2018లో శిక్ష ఖరారు చేసే సమయంలో 150 మందికి పైగా బాధితుల వాంగ్మూలాలు కోర్టులో వినిపించాయి. జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి తల్లిదండ్రులను రానిచ్చేవారు కాదు.

మా పనిలో పిల్లలను తాకక తప్పదు. నడుము దగ్గర, తొడ వెనుక, భుజం కింద చెయ్యి ఆసరా ఇవ్వకపోతే పడిపోతారు. అందుకే ఎక్కడ, ఎందుకు పట్టుకుంటామో ముందుగా బిడ్డకూ మీకూ చెప్పి చూపించడం మా బాధ్యత. ఒంటరిగా గదిలోకి పిలవడం, రాత్రిపూట బిడ్డకు నేరుగా ఫోను సందేశాలు పంపడం ఏ శిక్షణలోనూ భాగం కాదు. అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరమే.

అపోహ: జిమ్నాస్టిక్స్ చేస్తే ఎత్తు పెరగరు

వాస్తవం: పొట్టిగా ఉన్నవారికి గాలిలో తిరగడం తేలిక కాబట్టి వారే ఈ ఆటలో పైకి వస్తారు. ఆట వల్ల పొట్టివారు కారు. కడుపు మాడ్చడం వల్ల మాత్రం ఎముకలు బలహీనపడతాయి, అమ్మాయిల నెలసరి తప్పుతుంది. పిల్లలను అందరి ముందు బరువు తూచి వ్యాఖ్యానించే జిమ్ వద్దే వద్దు.

అపోహ: ఆరేళ్లకు మొదలుపెట్టకపోతే లాభం లేదు

వాస్తవం: జిమ్నాస్ట్ ఒక్సానా చుసోవితినా 1992 నుంచి టోక్యో దాకా ఎనిమిది ఒలింపిక్స్ ఆడింది. 33 ఏళ్ల వయసులో 2008లో రజతం గెలిచింది. మీ పాపకు పదేళ్లయితే కంగారుపడి జిమ్ మార్చకండి.

అపోహ: నేర్చుకున్నవి పోతున్నాయంటే కోచ్ పనికిరానట్టే

వాస్తవం: పదకొండు, పదమూడేళ్ల మధ్య ఒక్కసారిగా ఎత్తు పెరిగినప్పుడు నిన్నటిదాకా వచ్చినవి పోతాయి. కాళ్లు పొడవవుతాయి, బరువు నిలిచే చోటు మారుతుంది, బలం ఇంకా అందుకోదు. చేతులకు ఎప్పుడు నేల తగలాలో ఒంటికి గుర్తున్న లెక్క తప్పుతుంది. ఈ సమయంలోనే తల్లిదండ్రులు ఎక్కువగా జిమ్ మారుస్తారు. కొత్తచోట ఆరు నెలలకు అన్నీ తిరిగి వస్తే కోచ్ గొప్పతనం అనుకుంటారు. పాత చోట ఉన్నా తిరిగి వచ్చేవి. తలుపు పక్కన గోడ మీద పెన్సిలుతో ఎత్తు గుర్తు పెట్టండి. మూడు నెలల్లో గీత గబగబా పైకి జరిగితే, జిమ్ మార్చే నిర్ణయాన్ని కొన్నాళ్లు ఆపండి. పోటీలో ఓడి వచ్చిన వారం కూడా అంతే, ఆ వారం ఏ నిర్ణయమూ వద్దు.

అపోహ: పెద్ద ఊరి జిమ్ అయితే దూరం లెక్క కాదు

వాస్తవం: విజయనగరం నుంచి విశాఖపట్నం దాదాపు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి అంతకు రెట్టింపు. బడి నుంచి నేరుగా బస్సెక్కి, దారిలో బిస్కెట్లు తిని, ఆరున్నరకు జిమ్ చేరిన బిడ్డ ఒంట్లో ఏం మిగులుతుంది? ప్రమాదాలు ఎక్కువగా అలసిన ఒంటికే జరుగుతాయి. వారానికి ఎన్ని గంటల శిక్షణ అన్నదానికి క్రీడావైద్యులు చెప్పే తేలిక లెక్క ఒకటుంది: బిడ్డ వయసు సంఖ్యను దాటకూడదు. తొమ్మిదేళ్ల పాపకు తొమ్మిది గంటలు. ఒక్కరోజు ట్రయల్ బాగుందని తేల్చుకోకండి. మామూలు బడిరోజుల్లో, అదే బస్సులో, మూడుసార్లు వెళ్లి రండి. మూడోసారి ఇంటికి వచ్చాక బిడ్డ అన్నం తిని మాట్లాడుతూ పడుకుంటోందా, పళ్లెం ముందే నిద్రపోతోందా చూడండి.

అపోహ: ఒకసారి వెళితే పాత తలుపు మూసుకుపోతుంది

వాస్తవం: వెళ్లే పిల్లలకు నేను ఒక కాగితం రాసి ఇస్తాను. సొంతంగా చేయగలిగేవి, చెయ్యి ఆసరాతో చేసేవి, ఇంకా భయపడేవి, పాత దెబ్బలు, ఏ వైపు బలం తక్కువ. మీ కోచ్‌ను కూడా అలాంటిది అడగండి. రెండేళ్ల క్రితం అలా వెళ్లిన అమ్మాయి కొత్త కోచ్ మొదటి వారంలోనే నాకు ఫోను చేశారు. "ఎడమ చీలమండ అని రాశారు కదా మేడమ్, అది దిగేటప్పుడు లోపలికి వాలుతోందా, బయటికా?" అని అడిగారు. లోపలికి అని చెప్పాను.