మర్ఫీలందరూ ఒక్క వంశమేనా?

మన పెద్దవాళ్లకి మర్ఫీ అంటే రేడియో. 1929లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ మర్ఫీ అనే ఇంజనీరు ఇంకొకరితో కలిసి పెట్టిన కంపెనీకి ఆయన ఇంటిపేరే పేరయింది. ఆ ఇంటిపేరు మూలం మాత్రం ఐర్లండ్. అక్కడ అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. అయితే వాళ్లంతా ఒకే మూలపురుషుడి సంతతి అనుకుంటే పొరపాటు.

మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చాయి. ఐరిష్ ఇంటిపేర్లు ఎక్కువగా మనుషుల నుంచి వచ్చాయి. పది, పదకొండు శతాబ్దాల్లో పేరున్న పూర్వీకుడి పేరుకి ముందు ‘ఓ’ అని చేర్చుకుంటే ఆయన సంతతి అని, ‘మాక్’ అని చేర్చుకుంటే ఆయన కొడుకు అని అర్థం. మురహ అనేది అప్పట్లో మగవాళ్లకి బాగా పెట్టుకున్న పేరు. సముద్ర యోధుడు అని దాని అర్థం. ఆ పేరున్న వేర్వేరు మనుషుల నుంచి వెక్స్‌ఫర్డ్‌లో ఒక వంశం, రాస్‌కామన్ వైపు ఇంకో వంశం పుట్టాయి. ఉత్తరాన టైరోన్‌లో ‘మాక్’తో మొదలయ్యే మరో కుటుంబం ఉండేది. వీళ్లకి ఒకరితో ఒకరికి చుట్టరికం లేదు.

వీళ్లందరినీ ఒకే పేరు కిందకి తెచ్చింది ఇంగ్లిష్ పాలన. ఐరిష్ పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోకి మారి, ‘ఓ’, ‘మాక్’ రాలిపోయి అందరూ మర్ఫీలయ్యారు. 1893లో ఐరిష్ భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంఘం పుట్టి భాషాభిమానం పెరిగిన కాలంలో ఓబ్రయన్, ఓసల్లివన్ లాంటి కుటుంబాలు ‘ఓ’ని తిరిగి తెచ్చుకున్నాయి. మర్ఫీలు తెచ్చుకోలేదు. పోయిందేమిటో ఐరిష్ భాషలో చూస్తే తెలుస్తుంది. అందులో తండ్రి ఓ మురహూ అయితే కూతురు నీ వురహూ. ఇంగ్లిష్‌లో ఇద్దరూ మర్ఫీలే. ఇంత అందమైన తేడా ఒక స్పెల్లింగ్ కింద నలిగిపోవడం నాకు బాధనిపిస్తుంది.

ఇక లెక్కలు. 1890 నాటి జననాల రిజిస్టర్లను బట్టి రాబర్ట్ మాథ్సన్ అనే అధికారి ఐర్లండ్‌లో 62,600 మంది మర్ఫీలు ఉంటారని అంచనా కట్టాడు. రెండో స్థానంలో ఉన్న కెల్లీలు 55,900. మర్ఫీలు అన్నిచోట్లా ఉన్నా దక్షిణాన కార్క్‌లో, ఆగ్నేయాన వెక్స్‌ఫర్డ్‌లో మరీ ఎక్కువ. 1798లో ఇంగ్లిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటులో వెక్స్‌ఫర్డ్ రైతులను ముందుండి నడిపించి ఉరికంబం ఎక్కిన కాథలిక్ ఫాదర్ జాన్ మర్ఫీ అక్కడివాడే.

1845లో మొదలైన బంగాళాదుంప కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచి వెళ్లారు. అలా ఓడలెక్కిన వాళ్ల పేరు ఇప్పుడు అమెరికాలో మూడు లక్షల మందికి పైగా ఉంది. వాళ్లలో నటుడు ఎడ్డీ మర్ఫీ లాంటి నల్లజాతివాళ్లూ ఉన్నారు.

ఆ సంతతివాళ్లు ఇవాళ మూలాలు వెతుక్కుంటూ వెళితే పెద్ద అడ్డు ఎదురవుతుంది. 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని రికార్డుల భవనం తగలబడి, 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణన పత్రాలు చాలావరకు బూడిదయ్యాయి. తర్వాతి నాలుగు జనగణనల కాగితాలను ప్రభుత్వమే నాశనం చేసింది. పూర్తిగా మిగిలినవాటిలో మొదటిది 1901 నాటిది. జననాల రిజిస్టర్లు 1864 నుంచి ఉన్నాయి గానీ, అంతకు వెనక్కి పోవాలంటే ఎక్కువగా చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిలో వెతకడానికి పూర్వీకుడిది ఏ పల్లెటూరో, ఏ చర్చి పరిధో ముందు తెలియాలి. మర్ఫీ అన్న పేరొక్కటే పట్టుకుని వెళ్తే ఒక్క కార్క్‌లోనే వేలమంది కనిపిస్తారు.