వేరు కాపురం పెట్టిన కత్తి

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో నా అలమార చూసి "కత్తిని ఒరలో పెట్టకుండా పక్కన పెట్టావేంటి తాతయ్యా?" అన్నారు. ఫోన్లో చెబితే సగం విని పారిపోతారని ఉత్తరం రాస్తున్నా.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. అమెరికా సైన్యం ఎం8ఏ1 ఒరకి ఆ సంగతి తెలీదు. 1943లో ఎం3 అనే కందకాల కత్తి, అంటే సైనికులు దగ్గరి పోరుకి వాడే కత్తి వచ్చింది. ఆరు ముప్పావు అంగుళాల అలుగు, తోలు బిళ్లలు వరసగా గుచ్చి చేసిన పిడి. మరుసటేడు అదే అలుగుతో కార్బైన్ అనే పొట్టి తుపాకీకి ఎం4 బయొనెట్, అంటే తుపాకీ కొసకి తగిలించే కత్తి చేశారు. తర్వాత ఎం5, ఎం6, ఎం7. అన్నీ ఆ ఒరలో దూరతాయి. దూరింది కదా, జతే అనుకున్నామా, మోసపోయామన్నమాటే.

నేనూ మోసపోయాను. పెన్సిల్వేనియాలో ఒక పాతసామాన్ల సంతలో ఎం3 కొన్నాను. "రెండో ప్రపంచయుద్ధం నాటి జతండీ" అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చి ఒర మూతి దగ్గరి ఇనపరేకు మీద భూతద్దం పెడితే పి.డబ్ల్యు.హెచ్. అని ఉంది! ఫిలడెల్ఫియాలో చూపులేనివాళ్లు పనిచేసిన సంస్థ గుర్తది. వియత్నాం యుద్ధకాలపు ఒర. ఒళ్లు మండింది. కానీ ఎవరి చేతి పనో తెలిశాక పారెయ్యబుద్ధి కాలేదు, దాచాను.

నా కత్తికి అలుగు మీదే కంపెనీ పేరుంది, అంటే తొలి రోజులది. అప్పట్లో దానికిచ్చింది ఎం6 అనే తోలు ఒర (బయొనెట్ ఎం6 వేరు, ఒర ఎం6 వేరు, ఆ పేర్లు పెట్టినవాళ్లని అడగండి, నన్ను కాదు). తోలు తర్వాత ఎం8 వచ్చింది, ప్లాస్టిక్ ఒళ్లు, బెల్టు దూర్చే పట్టీ. దానికే తీగ కొక్కెం చేరిస్తే ఎం8ఏ1. జర్మన్ మౌజర్ తుపాకుల బయొనెట్లకి కత్తి మీదా ఒర మీదా ఒకే నంబరు కొట్టేవారు, జత కుదిరిందో లేదో ఇట్టే తెలుస్తుంది. ఎం3కి ఆ సుఖం లేదు. కత్తి చేసిన కంపెనీ ఒకటి, ఒర చేసింది ఇంకొకటి. కాలం కలిస్తే అదే జత.

నాలుగేళ్లు తిరిగాక తోలు ఒర దొరికింది. సంబరంగా కత్తి అందులో పెట్టి చలికాలమంతా మర్చిపోయాను. తోలు చెమ్మ పీలుస్తుంది, పైగా దాన్ని ఊనిన మందుల్లోని ఆమ్లం ఇనుముని తింటుంది. తీసేసరికి అలుగు మీద తుప్పు చుక్కలు. అందుకే ఇద్దరికీ వేరు కాపురం పెట్టించాను.

ఆ తోలు ఒర మీద మిల్స్‌కో అని కంపెనీ పేరు, కింద 194 అని కనిపిస్తాయి. చివరంకె అరిగిపోయింది. 3 అంటాను నేను, 8 అంటుంది మీ అమ్మమ్మ. వేసవికి వచ్చినప్పుడు మీరే భూతద్దం పెట్టి చూసి చెప్పండి. కత్తి జోలికి మాత్రం వెళ్లకండి.

మీ తాతయ్య