గీజర్ కరెంటు లెక్క: అపోహలు - వాస్తవాలు

అపోహ: 3 కిలోవాట్ల గీజర్ పెడితే బిల్లు పేలిపోతుంది.

రిపేరుకి వెళ్లిన చాలా ఇళ్లలో వినే మాట ఇది. నీళ్లకు ఎంత వేడి కావాలో గీజర్ లోపల వాటిని కాచే కాయిల్ ఎన్ని కిలోవాట్లదన్నది నిర్ణయించదు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలోక్యాలరీలు. లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగించండి, యూనిట్లు వచ్చేస్తాయి. చలికాలం పొద్దున ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగాలంటే 15 × 40 = 600 కిలోక్యాలరీలు, అంటే 0.7 యూనిట్. 2 కిలోవాట్లదానికి 21 నిమిషాలు పడుతుంది, 3 కిలోవాట్లదానికి 14. తేడా టైములోనే.

అపోహ: థర్మోస్టాట్ ఉంది కదా, రోజంతా ఆన్‌లో ఉన్నా ఏం కాదు.

థర్మోస్టాట్ అంటే నీళ్లు కాగగానే కాయిల్‌కి కరెంటు ఆపేసేది. గీజర్ ట్యాంకు చల్లబడిన ప్రతిసారీ అది మళ్లీ ఆన్ చేస్తుంది. కరెంటు ఆదాను బట్టి బీఈఈ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ గీజర్లకు స్టార్లు ఇచ్చేది కూడా 24 గంటల్లో ట్యాంకు ఇలా ఎంత వేడి పోగొట్టుకుంటుందో చూసే. చివరివాళ్లు బకెట్ నింపుకునే ముందే స్విచ్ ఆపేయండి. లేకపోతే కొత్తగా దిగిన చల్లనీళ్లను ఎవరికీ అక్కర్లేకుండా కాచినట్టే.

అపోహ: సున్నం పట్టిన కాయిల్ రెట్టింపు కరెంటు లాగుతుంది.

బోరు నీళ్ల ఇళ్లలో కాయిల్ బయటికి తీస్తే తెల్లగా పెంకు కట్టి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తడితే పెచ్చులుగా రాలుతుంది. అయినా కాయిల్ లాగే కరెంటు పెరగదు, ఆ వేడి చివరికి నీళ్లలోకే పోవాలి. అసలు నష్టం వేరే ఉంది. వేడి త్వరగా బయటపడక పెంకు కింద కాయిల్ మరీ కాగిపోయి, పగిలి, నీళ్లలోకి కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఎర్తింగ్ సరిగా ఉండాలి, సున్నం ఎప్పటికప్పుడు తీయించాలి.

అపోహ: హీటర్ రాడ్ అయితే కరెంటు ఆదా.

20 లీటర్ల బకెట్ 20 నుంచి 40 డిగ్రీలకు రావాలంటే 400 కిలోక్యాలరీలు, దాదాపు 0.47 యూనిట్. రాడ్‌తో కాచినా అంతే. 1500 వాట్ల రాడ్‌కి 19 నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో కాగాయో లేదో చూద్దామని నీళ్లలో వేలు పెట్టకండి, దయచేసి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీసి, అప్పుడు ముట్టుకోండి. పిల్లలున్న ఇంట్లో ఆ బకెట్ దగ్గర పెద్దవాళ్లు ఒకరు ఉండాల్సిందే.