కొత్త సర్వీసు మొదలెట్టాం సరే, సైట్‌లో పెట్టేస్తే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఒక్కణ్ణే కూర్చుని వెబ్‌సైట్లు చేసుకునేవాణ్ణి. ఊళ్లోవాళ్ల సైట్లన్నిటికీ మెరుగులు దిద్దుతాం గానీ, మన సైట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత. కొత్త సర్వీసు మొదలుపెట్టినప్పుడు ఆ సంగతి మరీ బయటపడుతుంది. ఈ మధ్య ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు నన్ను అడిగేవీ, నేను స్వయంగా నమ్మి దెబ్బతిన్నవీ కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హోమ్ పేజీ స్లయిడర్‌లో పెడితే వచ్చినవాళ్లందరి కంట్లో పడుతుంది

సైట్ కట్టి చేతికిచ్చాక దాని బాగోగులు చూసే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) సర్వీసు మొదలుపెట్టినప్పుడు నేను చేసిన పని అదే. స్లయిడర్ అంటే హోమ్ పేజీ పైన ఒకదాని తర్వాత ఒకటి తిరిగే బొమ్మల వరుస. అందులో మూడో బొమ్మ నాది. దాని మీద 'సమగ్ర డిజిటల్ నిర్వహణ పరిష్కారాలు' అని పెద్ద అక్షరాలు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నెలలు గడిచినా ఒక్క ఎంక్వైరీ రాలేదు.

అమెరికాలో నోటర్ డామ్ విశ్వవిద్యాలయం వెబ్ విభాగంలో పనిచేసే డెవలపర్ ఒకరు తమ హోమ్ పేజీ లెక్కల్ని 2013లో బయటపెట్టారు. వచ్చినవాళ్లలో స్లయిడర్‌ను నొక్కినవాళ్లు దాదాపు 1 శాతం. ఆ క్లిక్కుల్లోనూ 84 శాతం మొదటి బొమ్మకే. అంతమంది వచ్చే యూనివర్సిటీ సైట్‌లోనే అలా ఉంటే, నా మూడో బొమ్మను ఎవరు చూస్తారు?

తర్వాత ఒక రాత్రి గుంటూరు నుంచి ఫోన్. పచ్చళ్ల వ్యాపారం చేసే పెద్దావిడ, నా పాత క్లయింటు. "బాబూ, మన సైట్ తెరిస్తే భద్రత లేదని వస్తోందట. డాలస్ నుంచి మా వియ్యపురాలు చెప్పింది. పొద్దుట్నుంచీ ఒక్క ఆర్డరూ లేదు" అన్నారు. చూస్తే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఉచిత ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైట్‌కు కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చెప్పేది) గడువు అయిపోయింది. అది 90 రోజులకే ముగుస్తుంది. దానంతటదే రెన్యూ కావాల్సింది, హోస్టింగ్‌లో ఏదో సెట్టింగు మారి ఆగిపోయింది. పది నిమిషాల పని. అంతా అయ్యాక ఆవిడ, "ఇలాంటివి నేను ఫోన్ చెయ్యకముందే చూసిపెట్టే మనిషెవరైనా ఉంటే చెప్పు బాబూ, నెలనెలా ఎంతో కొంత ఇస్తాను" అన్నారు.

ఆ మనిషిని నేనేనని చెప్పడానికే కదా అన్ని నెలలు స్లయిడర్ తిప్పింది!

ఆ రాత్రే స్లయిడర్ పీకేశాను. సర్వీసుకు విడిగా ఒక పేజీ పెట్టి, 'మీ సైట్ ఆగిపోకుండా మేం చూసుకుంటాం' అని పేరు మార్చాను. కింద వారం వారం బ్యాకప్, వర్డ్‌ప్రెస్ అప్‌డేట్లు, సర్టిఫికెట్ తనిఖీ, డొమైన్ రెన్యువల్ తేదీకి నెల ముందు గుర్తుచేయడం, అన్నీ విడివిడిగా రాశాను. ఆ పేజీ లింకును కొత్త సైట్ల సర్వీసు పేజీ చివర, 'సైట్ పూర్తయ్యాక ఎవరు చూస్తారు?' అన్న ప్రశ్న కింద పెట్టాను. క్లయింటుకు ఆ అనుమానం వచ్చేది సరిగ్గా అక్కడే. పాత క్లయింట్లకు పంపే ప్రతి బిల్లు మెయిల్లోనూ అదే లింకు. ఎంక్వైరీలు మొదలైంది ఈ రెండు చోట్ల నుంచే.

అపోహ: సర్వీసుల జాబితా ఎంత పొడుగుంటే అంత పెద్ద కంపెనీలా కనిపిస్తాం

వెబ్ డిజైన్, యాప్‌లు, ఎస్ఈవో (సెర్చ్‌లో సైట్‌ను పైకి తెచ్చే పని), లోగో, డ్రోన్ వీడియో, పెళ్లి పత్రికలు... చదివేవాడికి వీటిలో మీకు నిజంగా వచ్చిన పనేదో తెలియదు. అందులో ఏదో ఒకటి మీకు రాదని మాత్రం తెలిసిపోతుంది.

అపోహ: ధర పెడితే క్లయింట్లు పారిపోతారు, కాంపిటీటర్లు చూసేస్తారు

కాంపిటీటర్ కొటేషన్ కావాలంటే క్లయింటులా ఫోన్ చేసి తెలుసుకుంటాడు, దాని గురించి బెంగ అక్కర్లేదు. పాత సర్వీసు సంగతి ఎలా ఉన్నా కొత్తదానికి మాత్రం 'ఇంత నుంచి మొదలు' అని అంకె వేయాల్సిందే. అసలు ఆ సర్వీసు అంటే ఏమిటో జనానికి తెలియనప్పుడు, అది ఐదొందల వ్యవహారమో యాభై వేల వ్యవహారమో కూడా తెలియదు. తెలియని చోట ఫోన్ చెయ్యడానికి మనవాళ్లు మొహమాటపడతారు.

ధరతో పాటు 'ఇందులో ఇవి రావు' అన్న జాబితా కూడా పెట్టండి. ఏఎంసీలో కొత్త పేజీలు కట్టడం రాదు, ఫొటోలు తియ్యడం రాదు. ఇది ముందే రాయకపోతే 'చిన్న మార్పే కదండీ' అన్న మాట వినీ వినీ చెవులు చిల్లులు పడతాయి.

జీఎస్‌టీ గురించి ఒక మాట. మన రాష్ట్రాల్లో సేవల వ్యాపారం టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వెబ్ డిజైన్ మీద 18 శాతం పన్ను. రిజిస్టర్ అయినవాళ్లు 'జీఎస్‌టీ అదనం' అని ధర పక్కనే రాయాలి. రిజిస్టర్ కానివాళ్లు జీఎస్‌టీ పేరుతో వసూలు చెయ్యకూడదు. బిల్లు గంభీరంగా కనిపిస్తుందని అందులో జీఎస్‌టీ గడి కలిపేసినవాళ్లను చూశాను. అది చట్టవిరుద్ధం.

అపోహ: పేజీ ఎక్కించగానే గూగుల్ పట్టేసుకుంటుంది, కీవర్డ్‌లు దట్టిస్తే పైకొస్తుంది

పేజీ కోడ్‌లో చదివేవాళ్లకు కనబడకుండా కీవర్డ్‌లు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇప్పటికీ క్లయింట్ల సైట్లలో ఆ ట్యాగ్‌లో యాభై ఊళ్ల పేర్లు కనిపిస్తుంటాయి. కొత్త పేజీకి మొదట కావాల్సింది మీ సైట్‌లోని మిగతా పేజీల నుంచి లింకులు. మెనూలోనూ ఎక్కడా లేకుండా సైట్‌మ్యాప్‌లో (సెర్చ్ ఇంజన్ల కోసం పెట్టే పేజీల జాబితా) మాత్రమే ఉన్న పేజీ అనాథ. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ కోసం, అంటే పేజీని సెర్చ్‌లో చేర్చమని, విన్నపం పెట్టొచ్చు, అయితే అది విన్నపమే, హామీ ఏమీ ఉండదు. సర్వీసు పేరు మార్చినప్పుడు పేజీ అడ్రసు కూడా మారిస్తే పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ మరవకండి. ఆ పచ్చళ్ల ఫోన్ తర్వాత ఆవేశంలో నేను మరిచాను.

పాపప్ పెడదామా అని అడిగేవాళ్లకు: మొబైల్లో సెర్చ్ నుంచి వచ్చీరాగానే తెరంతా కప్పేసే పాపప్‌లున్న పేజీలను 2017 జనవరి నుంచి గూగుల్ వెనక్కి నెట్టే అవకాశం ఉంది. గూగుల్ ఊరుకున్నా నాకు చిరాకే.

అపోహ: వాట్సాప్‌లో అందరికీ పంపేస్తే సైట్‌తో పనేముంది

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు. పైగా మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అంటే కొత్తవాళ్లకు చేరదు. వాట్సాప్‌ను తిరగేసి వాడండి. ప్రతి సర్వీసు పేజీలోనూ వాట్సాప్ బటన్ పెట్టి, నొక్కగానే 'ఏఎంసీ గురించి తెలుసుకోవాలి' అన్నట్టు ముందే రాసిన వాక్యం తెరుచుకునేలా లింకు ఇవ్వొచ్చు. ఒక్కో పేజీకి ఒక్కో వాక్యం. ఎంక్వైరీ ఏ పేజీ నుంచి వచ్చిందో వేరే లెక్కలు చూడకుండానే తెలిసిపోతుంది.

అపోహ: కొత్త సర్వీసుకు పాత పనులు చూపించలేం, అందుకని ఓ రెండు మెచ్చుకోలు మాటలు మనమే రాసుకోవాలి

వద్దు. మొదటి నమూనా మీ సైటే. నేను తెలుగు వెబ్‌సైట్లు చేయడం మొదలుపెట్టినప్పుడు ముందు నా సైట్‌నే తెలుగులోకి మార్చాను. తర్వాత ఒక ప్రెస్సు యజమాని సైట్ తక్కువ ధరకు చేశాను. ఆయన ఇచ్చిన మ్యాటరంతా అను ఫాంట్లలో (ప్రెస్సుల్లో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఉంది. నేరుగా అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి, అంతా ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూడాలి. ఆ తంటా మొత్తం ముందు ఇలా, తర్వాత ఇలా అని స్క్రీన్‌షాట్లతో పేజీలో పెట్టాను. తర్వాత వచ్చిన క్లయింట్లలో ఇద్దరు "మా దగ్గర కూడా అంతా అనులోనే ఉందండీ" అంటూనే మాట మొదలుపెట్టారు.

ఇక మెనూలో సర్వీసు పేరు పక్కన ఎర్రగా మిణుకుమనే 'న్యూ' బొమ్మ. కాలేజీ సైట్ల నోటీసుల పక్కన ఉంటుందే, అది. నా ఏఎంసీ పేజీకీ పెట్టి మరిచిపోయాను. రెండేళ్ల తర్వాత పచ్చళ్ల పెద్దావిడ కొడుకు ఏఎంసీ రెన్యూ చెయ్యడానికి ఫోన్ చేసి, "అన్నా, ఇది ఇంకా కొత్తదేనా?" అని అడిగాడు.